బచ్చాను చూసుకునే ఖర్చు ఎవరి ఖాతాలో?

మన ఇళ్లలో కూతురికో కోడలికో నౌకరీ దొరికిందని తెలిస్తే, ముబారక్ చెప్పే లోపే ఒక సవాల్ వచ్చి పడుతుంది. "బచ్చే కు కౌన్ దేఖ్తే?" దక్కనీలో అడిగినా తెలుగులో అడిగినా ఆ సవాల్ ఆమెకే. పక్కనే కుర్చీలో చాయ్ తాగుతూ కూర్చున్న షౌహర్‌ని ఎవరూ అడగరు. జవాబు కోసం ఆయన కూడా ఆమె ముఖం వంకే చూస్తుంటాడు.

ఇరవై ఏళ్లుగా అఖ్బార్ నౌకరీలో ఉన్నాను. నా పిల్లలిద్దరూ పెరిగింది మా అమ్మీ ఒళ్లో. అమ్మీ లేకపోతే నేను ఈపాటికి "ఒకప్పుడు జర్నలిస్టును" అని చెప్పుకునే ఖాతూన్‌ని అయ్యుండేదాన్ని. నేను పని చేసిన ఒక ఆఫీసులో, పిల్లల కోసం ఒక గది ఇస్తారా అని అడిగితే, పెద్ద సీట్లో ఉన్నాయన నవ్వి "ఇది అఖ్బారా, అంగన్‌వాడీనా?" అన్నాడు. ఆ పూట నలుగురూ నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో ఒకమ్మాయి రెండో కాన్పు తర్వాత మళ్లీ డ్యూటీకి రాలేదు.

మొన్న ఒక ప్రైవేట్ స్కూల్ టీచర్ నా ముందు కాగితం పెట్టి హిసాబ్ వేసింది. బీఎస్సీ, బీఈడీ చేసిన అమ్మాయి. తన్ఖా 12,000. డేకేర్ వాళ్లు అడిగింది 6,000. ఆటోకి 1,500. సాయంత్రం ఆలస్యమైతే దానికి వేరే. బచ్చాకు జలుబు చేస్తే డేకేర్‌లో ఉంచుకోరు, ఆ రోజు స్కూల్లో జీతం కోత. అన్నీ పోను చేతికొచ్చేది నాలుగు వేలు కూడా లేదు. "ఇంత దానికి బచ్చాను ఏడిపించడం దేనికి ఆపా?" అంది. పక్కన కూరగాయలు తరుగుతున్న సాస్ సహీ బాత్ అన్నట్టు తలూపింది.

కూడికలూ తీసివేతలూ సరిగానే వేసింది. నేను అడిగింది ఒక్కటే. ఈ 6,000 నీ తన్ఖాలోంచే ఎందుకు తీసేశావు? బచ్చా నీ ఒక్కదానివాడా? మీ ఆయన జీతంలోంచి తీసి చూడు. పోనీ ఇద్దరి జీతాలూ కలిపి అందులోంచి తీసి చూడు. అప్పుడు "నౌకరీ ఎవరు మానాలి" అనే సవాల్ ఇంత సులువుగా ఆమె మీద వాలదు. ఇంటి కిరాయిని ఎవరూ ఆడమనిషి జీతంలోంచి మాత్రమే తీసి, "ఇక నీకు మిగిలేదేముంది, మానెయ్" అనరు కదా.

ఇదేదో నేను కొత్తగా కనిపెట్టిన లెక్క కాదు. మన దీన్‌లో రజాఅత్ మస్లా వివరంగానే ఉంది. సూరె బఖరా 233వ ఆయత్ తీసి చూడండి. పాలిచ్చే తల్లి తిండీ బట్టా బచ్చా తండ్రి జిమ్మేదారీ. వేరే దాయీ చేత పాలిప్పించాలనుకుంటే అందులో గునాహ్ లేదు, కానీ ఆమెకు రావాల్సింది దస్తూర్ ప్రకారం ఇచ్చేయాలి. అంటే బచ్చాను సాకడానికి ఇంకొకరి సాయం తీసుకోవచ్చు, ఆ సాయానికి ఉజ్రత్ ఉంటుంది, ఆ ఉజ్రత్ తండ్రి ఖాతాలో పడుతుంది. దాయీ హలీమా (రజి.) గురించి మీలాద్ మహఫిళ్లలో ప్రతి ఏడూ వింటాం. బనూ సాద్ ఆడవాళ్లు మక్కాకు వచ్చి పసిబిడ్డలను తీసుకెళ్లడం వాళ్లకు రోజ్‌గార్. వాళ్ల చేతికి పిల్లల్ని అప్పగించడం మక్కాలోని ఇజ్జత్‌దార్ ఖాందాన్‌లలో రివాజ్. ఆ బయాన్ విని కళ్లు తుడుచుకునే పెద్దలే, డేకేర్ అనగానే "పరాయివాళ్ల చేతిలో బచ్చానా" అంటారు. నాకు అక్కడ అర్థం కాదు.

ఇక ఖానూన్ సంగతి. కాగితం మీద మనకు లోటేమీ లేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం, 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే కార్ఖానాలో ఆరేళ్ల లోపు పిల్లలకు గది ఉండాలంది. 2017లో మెటర్నిటీ బెనిఫిట్ చట్టాన్ని సవరించి, 50 మంది, ఆ పైన ఉద్యోగులున్న ప్రతి సంస్థలో క్రెష్ ఉండాలన్నారు. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బచ్చాను చూసి రావచ్చన్నారు. మొదటి రెండు కాన్పులకు సెలవు 26 వారాలు చేశారు. మంచిదే. కానీ మన మొహల్లాలో ఆడవాళ్లు చేసే నౌకరీలు ఎక్కడ? ఇరవై ముప్పై మంది టీచర్లున్న స్కూళ్లలో, పదిమంది ఉండే బట్టల దుకాణాల్లో, నర్సింగ్ హోముల్లో, ల్యాబుల్లో, టైలరింగ్ షాపుల్లో. 50 అనే అంకె వీళ్లెవరికీ తగలదు. పైగా ఈఎస్ఐ లేని చోట సెలవు జీతం మొత్తం యజమానే భరించాలి, హుకూమత్ అందులో పైసా వేయదు. దాంతో చిన్న సేఠ్ ఇంటర్వ్యూలోనే "షాదీ అయిందా? బచ్చాలున్నారా?" అని అడిగి తన తలనొప్పి ముందే తప్పించుకుంటాడు.

ఉన్నా ఏం లాభం అనే చోట్లు కూడా ఉన్నాయి. ఫలక్‌నుమాలో ఉండే తల్లి హైటెక్ సిటీలో పనిచేస్తుంది, అక్కడ అద్దాల మేడలో రంగురంగుల క్రెష్ ఉందనుకోండి. ఏడాది బచ్చాను చంకనేసుకుని, మారి మారి ఎక్కి, ఆఫీసు వేళల రద్దీలో అంత దూరం రోజూ ఎలా తీసుకెళ్తుంది? నా రాయ్ ఏంటంటే, క్రెష్ ఆఫీసు పక్కన కాదు, ఇంటి పక్కన ఉండాలి. తల్లి నౌకరీ మారినా బచ్చా చోటు మారదు. తండ్రి కూడా దింపగలడు, తెచ్చుకోగలడు.

ఇంటి పక్కన ఉన్నది అంగన్‌వాడీ. 1975 అక్టోబర్ 2న మొదలైన పథకం, యాభై ఏళ్ల చరిత్ర. ఆ టీచర్లూ ఆయాలూ చేసే ఖిద్మత్‌ను తక్కువ చేసి మాట్లాడే హక్ ఎవరికీ లేదు. వాళ్లకిచ్చేదాన్ని ఇప్పటికీ జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. ఆంధ్రలో 2023 డిసెంబర్ నుంచి 42 రోజులు సమ్మె చేసి రోడ్డు మీద కూర్చున్నారు. కానీ ఒక్కసారి వయసుల లెక్క చూడండి. ఆటపాటలతో కూర్చోబెట్టేది మూడేళ్ల నుంచి ఆరేళ్ల వాళ్లను. మూడేళ్ల లోపు వాళ్లకు తెలంగాణలో బాలామృతం ప్యాకెట్ ఇంటికిస్తారు, బచ్చాను మాత్రం ఉంచుకోరు. తల్లికి సెలవు, అదీ ఖానూన్ వర్తించే అదృష్టవంతురాలికి, ఆరు నెలలు. ఆరు నెలలకూ మూడేళ్లకూ మధ్య రెండున్నర ఏళ్లు. ఆ రెండున్నర ఏళ్లకు హుకూమత్ దగ్గర జవాబు లేదు. మూడేళ్లు దాటినా అంగన్‌వాడీకి తాళం పడేసరికి డ్యూటీలో ఉన్న తల్లికి ఇంకా రెండు గంటల పని మిగిలే ఉంటుంది.

కేంద్రం 2022లో పాల్నా అని పేరు పెట్టి, అంగన్‌వాడీలోనే క్రెష్ కలిపి నడపాలంది. 6 నెలల నుంచి 6 ఏళ్ల వరకు. పాల్నా అంటే ఉయ్యాల, పేరు ఎంత ముద్దుగా ఉందో. నేను తిరిగిన పాతబస్తీ గల్లీల్లో ఆ బోర్డు నా కంటికి ఆనలేదు. కర్ణాటకలో కూసిన మనె పేరుతో గ్రామ పంచాయతీల్లో పసిపిల్లల ఇళ్లు తెరిచారు, ఉపాధి పనికి వెళ్లే తల్లుల కోసం. 2005 ఉపాధి హామీ చట్టంలోనే ఒక మంచి మాట రాశారు. పని జరిగే చోట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురు ఉంటే, వాళ్లను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి ఆమెకు కూలీ ఇవ్వాలని. బచ్చాను చూసుకోవడం కూడా కూలీ ఇవ్వదగిన పనే అని హుకూమత్ ఒప్పుకున్న చోటు అది. పట్నంలో అదీ లేదు.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు జీరో టికెట్. ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి. మన ఆడపిల్లలకు ఇది నిజంగా నిఅమత్, వెటకారం చేసేవాళ్లతో నేను ఏకీభవించను. బస్సు ఆమెను పని దాకా తీసుకెళ్లింది. బచ్చాను ఎక్కడ దింపాలో మాత్రం ఏ కండక్టర్ చెప్పలేడు.

"ఇంట్లోనే ఉండి ఏదైనా చేసుకోవచ్చుగా, బచ్చా కళ్ల ముందే ఉంటాడు." ఈ సలహా ఇచ్చేవాళ్లు ఇంటి పని ఎప్పుడైనా దగ్గర నుంచి చూశారా? నేను నిజామాబాద్‌లో బీడీల మధ్య పెరిగాను. ఒళ్లో చేట, చేటలో తంబాకు, పక్కన తడిపిన తునికాకు కట్ట. పాకే బచ్చా వచ్చి చేటలో చెయ్యి పెడతాడు, ఆ చెయ్యి నోట్లో పెడతాడు. వెయ్యి బీడీలు చుడితేనే లెక్క, మధ్యలో లేస్తే లెక్క తప్పుతుంది. 1966 బీడీ కార్మికుల ఖానూన్‌లోనూ పిల్లల గది ఉండేది. కానీ అది కార్ఖానాలో. ఆకు ఇంటికే ఇచ్చి చుట్టించుకుంటే కార్ఖానా లేదు, గదీ లేదు. పాతబస్తీలో లక్క గాజుల ఇంట్లో నిప్పుల బట్టీ ఉంటుంది. జర్దోజీ కార్‌చోబ్ మీద సూదులుంటాయి. బచ్చా కళ్ల ముందే ఉంటాడు, నిజమే. తల్లి కళ్లు మాత్రం పని మీద ఉంటాయి.

అందుకే ప్రతి ఇంట్లో ఒక ఫ్రీ ఆయాను తయారు చేసుకున్నాం. ఆమె పేరు బడీ బెహెన్. మా ఉర్దూ మీడియం స్కూల్లో నా పక్కన కూర్చునే అమ్మాయి రోజూ చంకలో తమ్ముడితో వచ్చేది. మా ఉస్తానీ మంచిది, రానిచ్చేది. వాడు ఏడిస్తే బయటికి తీసుకెళ్లేది, వాడు పడుకుంటే లోపలికొచ్చి నా నోట్‌బుక్ చూసి రాసుకునేది. హిసాబ్‌లో నాకంటే చురుకు. రెండో తమ్ముడు పుట్టాక రావడం మానేసింది, ఏడో జమాత్ సగంలో. ముప్పై ఏళ్లు దాటింది, ఆ సీన్ పాతది అనుకుంటే పొరపాటు. ఏ బస్తీ స్కూల్‌కైనా వెళ్లి, ఎక్కువ రోజులు రాని ఆడపిల్లల పేర్లు తీసి, ఎందుకు రావట్లేదో అడగండి. "అమ్మీ పనికి పోతుంది, ఛోటే కు సంభాల్నా." తెలంగాణలో 2016 నుంచి మైనారిటీ గురుకులాలు ఉన్నాయి, ఐదో తరగతి నుంచి చేర్చుకుంటారు, మన అమ్మాయిలు అక్కడి నుంచి డాక్టర్ సీట్ల దాకా కలలు కంటున్నారు. నాలుగో తరగతిలోనే తమ్ముడి కోసం ఇంట్లో కూర్చున్న పిల్ల ఆ గేటు దాకా ఎలా వస్తుంది?

ఇందులో ఇంకో సంగతి ఉంది, అది చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. బంజారాహిల్స్ ఫ్లాట్లలో పిల్లల్ని ఎత్తుకునే ఆయాలు చాలామంది మన బస్తీల నుంచే వెళ్తారు. అక్కడి బచ్చాకు పార్కు తిప్పి, గోరుముద్దలు తినిపించి, లోరీ పాడి పడుకోబెట్టి వస్తారు. ఆ వేళకు వాళ్ల సొంత బచ్చా పదకొండేళ్ల అక్క చేతిలోనో, ఫోన్‌లో కార్టూన్ల ముందో ఉంటాడు. నౌకరీ చేసే నాలాంటి వాళ్లం ఆయా దొరకలేదని షికాయత్ చేసేటప్పుడు, ఆమె బచ్చా ఎక్కడున్నాడని అడిగామా?

రెండో ఫ్రీ ఆయా నానీమా, దాదీమా. మా అమ్మీకి షుగర్, మోకాళ్లు నొప్పులు. నా పిల్లలు పెద్దవాళ్లయ్యాక తమ్ముడి పిల్లలు వచ్చారు. "నాకు నమాజ్ నిదానంగా చదువుకోవాలని ఉందే" అని ఒకసారి అంది, షిక్వా కాదన్నట్టు నవ్వుతూ. మనం దాన్ని మమత అంటాం, ఖిద్మత్ అంటాం, సవాబ్ అంటాం. అవన్నీ నిజమే. పదిహేనేళ్ల డ్యూటీ అన్నది కూడా నిజమే. ఇక నానీమా కూడా లేనివాళ్ల సంగతి? మహబూబ్‌నగర్ నుంచో కర్నూలు నుంచో వచ్చి షాహీన్‌నగర్‌లో ఒక్క గది కిరాయికి తీసుకున్న జంటకు, షౌహర్ సౌదీలో ఉండి ఒంటరిగా ఇద్దర్ని సాకుతున్న తల్లికి, జాయింట్ ఫ్యామిలీ గురించి మనం చెప్పే గొప్పలు ఏం పనికొస్తాయి?

నా మాట చిన్నది. మన టౌన్లలో చాలాచోట్ల హుకూమత్ కట్టించిన ఉర్దూ ఘర్–షాదీఖానాలు ఉన్నాయి. వలీమా లేని రోజున వాటికి పగలంతా తాళమే. గోడ ఉంది, ఫ్యాన్లున్నాయి, నీళ్లున్నాయి, బాత్రూములున్నాయి, వంటగది ఉంది. అందులో ఒక గదిని పొద్దున ఎనిమిది నుంచి మగ్రిబ్ దాకా పసిపిల్లలకు ఇవ్వడానికి ఏం అడ్డం? ఇరవై మంది పిల్లలకు ట్రైనింగ్ ఇచ్చిన ముగ్గురు ఆడవాళ్లు చాలు. వాళ్లకు తన్ఖా ఇవ్వాలి. "సవాబ్ కోసం చేస్తారులే" అని ఎవరైనా కమిటీలో అంటే అక్కడే ఆపాలి, ఎందుకంటే ఇప్పటిదాకా మన ఆడవాళ్లు చేసిందంతా ఆ మాట మీదే. తల్లిదండ్రుల నుంచి ఆమ్‌దనీని బట్టి ఫీజు తీసుకోండి, తక్కువ పడింది హుకూమత్ వేయాలి. చందాలతో ఏడాది నడుస్తుంది, పదేళ్లు నడవదు.

మా దగ్గరి షాదీఖానా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుందో కనుక్కున్నాను. కమిటీ సదర్ సాహెబ్ దగ్గర. ఆయన "దర్‌ఖాస్తు రాసి తీసుకురండి, జుమా తర్వాత కూర్చుందాం" అన్నారు. నలుగురు తల్లులు ఇప్పటికే దస్తఖత్ పెట్టారు, ఆ టీచర్ అమ్మాయి కూడా. కాగితం ఇప్పుడు వాళ్ల ఇళ్లలో అబ్బాల దగ్గర ఉంది.