రోడ్డు పేరు ఊరివాళ్లకు కాదు, కొత్తవాళ్లకు

ఇబ్రహీంపట్నం దగ్గర మొదలై మైలవరం, ఎ.కొండూరు, తిరువూరు మీదుగా భద్రాచలం వైపు వెళ్లే దారిని ఒకప్పుడు ప్రభుత్వ కాగితాల్లో 221వ నంబరు జాతీయ రహదారి అనేవారు. 2010లో కేంద్రం దేశంలోని జాతీయ రహదారుల నంబర్లన్నిటినీ మార్చేసింది. అప్పటినుంచీ దీని నంబరు 30. ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్‌లో బయల్దేరి రాయపూర్, జగదల్‌పూర్, కుంట, కొత్తగూడెం దాటి కృష్ణ ఒడ్డుకొచ్చి ఆగే సుమారు రెండు వేల కిలోమీటర్ల రహదారిలో మనది చివరి తునక. ఈ దారికి దగ్గర్లో గంపలగూడెం మండలంలోని వినగడప రైతును అడిగితే మాత్రం అది విజయవాడ రోడ్డు, కాదంటే భద్రాచలం రోడ్డు. ఎటు ప్రయాణమో దాన్నిబట్టి పేరు. పెద్ద రోడ్డు పేరు మారిస్తే గందరగోళం తగ్గుతుందా, పెరుగుతుందా అని తేల్చుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ మనకు దగ్గర్లో లేదు. ఈ మార్పు ఎవరి జయంతి సందర్భంగానో, ఏ పార్టీ గెలిచినందుకో జరిగింది కాదు. దారి తెలుసుకోవడం సులువు చేద్దామనే జరిగింది.

కొత్త పద్ధతిలో లెక్క ఉంది. ఉత్తర దక్షిణాలుగా సాగే దారులకు సరి సంఖ్యలు, తూర్పు పడమరలుగా సాగేవాటికి బేసి సంఖ్యలు. సరి సంఖ్యలు తూర్పు నుంచి పడమరకు పెరుగుతాయి, బేసివి ఉత్తరం నుంచి దక్షిణానికి. అందుకే కోల్‌కతా నుంచి చెన్నైకి తీరం వెంట సాగేది 16, హైదరాబాద్ మీదుగా దేశాన్ని నిలువునా చీల్చేది 44, పుణె నుంచి మచిలీపట్నం వచ్చేది 65. కత్తిపూడి నుంచి మచిలీపట్నం మీదుగా ఒంగోలు వెళ్లే దారికి 216 అని పెట్టారంటే అది 16కు కొమ్మ అని అంకె చూడగానే తెలిసిపోతుంది. రాయపూర్ నుంచి సరుకు తెచ్చే లారీ డ్రైవరు ఒకప్పుడు 43 పట్టుకుని జగదల్‌పూర్ దాకా వచ్చి, అక్కడ 221కి మారేవాడు. ఇప్పుడు ఒకటే నంబరు. ఇంతవరకు మెచ్చుకోవాల్సిందే. అయితే ఖాళీ అయిన పాత నంబర్లను పక్కన పెట్టకుండా, వెంటనే వేరే దారులకు పంచేశారు. తీర రహదారికి ఇచ్చిన 16 అంతకుముందు నిజామాబాద్–జగదల్‌పూర్ దారిది. అది ఇప్పుడు 63. తీర రహదారి వదులుకున్న 5 పోయి పోయి హిమాచల్‌లో తేలింది. మన 65 హరియాణా, రాజస్థాన్‌లలో తిరిగి వచ్చిన నంబరు. ఒక అంకె రెండు కాలాల్లో రెండు చోట్లను చూపిస్తుంటే, 2010కి ముందు అచ్చయిన పటాన్నో పత్రాన్నో చదివేవాడు ఏ దారి గురించి చదువుతున్నట్టు? పద్ధతి మంచిదే, దాన్ని అమలు చేసిన తీరులోనే చిక్కు. పేర్ల మార్పు గురించి వాదించుకునేవాళ్లు ఈ రెంటినీ కలిపేస్తుంటారు.

రోడ్డుకు పేరు ఎవరికి అవసరం? ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకు కాదు. వాళ్లకు రావిచెట్టు, రైస్‌మిల్లు, ఫలానావారి దొడ్డి చాలు. పేరు కావాల్సింది ఆ దారి ఎన్నడూ చూడనివాడికి. మన పల్లెల్లో రోడ్డును అది చేర్చే ఊరి పేరుతో పిలవడం ఆ అవసరం నుంచే వచ్చింది. పాత దస్తావేజుల్లో చెక్కుబందీ చూడండి: ఉత్తరం ఫలానావారి పొలం, దక్షిణం నూజివీడు పోయే రోడ్డు. పక్క పొలం మూడు చేతులు మారి ఉంటుంది. ఆ ‘పోయే రోడ్డు’ మాత్రం ఇంకా అక్కడికే పోతుంది. అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. తిరువూరులో విజయవాడ రోడ్డు అనేది విజయవాడ చేరేసరికి మైలవరం రోడ్డు అవుతుంది. మాట్లాడేవాడు ఎక్కడ నిలబడ్డాడో వినేవాడికి తెలిస్తేనే ఆ పేరు పనికొస్తుంది. 2005లో 108 అంబులెన్సు సేవ మొదలయ్యాక ఈ పరిమితి ప్రాణాల మీదికి వచ్చింది. ఫోన్ ఎత్తేవారు ఎక్కడో కాల్‌సెంటర్‌లో కూర్చుని జిల్లా, మండలం, ఊరు, దగ్గర్లో గుర్తు ఏమిటని అడుగుతారు. కట్టలేరు వాగు పొంగి వినగడప వైపు దారి మూసుకుపోతే, ఎటునుంచి చుట్టి రావాలో చెప్పాల్సింది గాభరాలో ఉన్న మనిషి. ‘గంపలగూడెం రోడ్డు’ అంటే ఎన్ని ఊళ్ల నుంచి గంపలగూడేనికి దారి లేదు?

కాబట్టి పేరు పెట్టినా, మార్చినా గీటురాయి ఒకటే ఉండాలి: ఫోనులో ఒక్కసారి విన్న కొత్తవాడు ఆ చోటికి చేరగలడా? విజయవాడలో బందరు రోడ్డును ఈ గీటురాయి మీద పెట్టి చూద్దాం. బోర్డుల మీద అది మహాత్మాగాంధీ రోడ్డు. బెంజిసర్కిల్ దాటి ఉయ్యూరు, పామర్రు వైపు సాగే భాగం రహదారుల లెక్కలో ఒకప్పుడు 9, ఇప్పుడు 65. జనం నోట మాత్రం మొదటినుంచీ బందరు రోడ్డే. నాలుగు పేర్లలో కొత్తవాడికి దారి చూపేది జనం వాడేదే, అది బందరు పోతుంది గనుక. ఎం.జి.రోడ్డు అంటే దేశంలో చాలా నగరాల్లో ఒకటి ఉంది. సికింద్రాబాద్‌లో జేమ్స్ స్ట్రీట్‌నూ అలాగే మార్చారు. ఏలూరు రోడ్డుకు కార్ల్‌మార్క్స్ పేరు పెట్టినా బస్సు కండక్టరు ఏలూరు రోడ్డనే కేక వేస్తాడు. ఇందులో గాంధీగారికి గానీ మార్క్స్‌కు గానీ అగౌరవమేమీ లేదు. దారి చెప్పేటప్పుడు మనిషి నాలుక మర్యాదలు చూడదు, అంతే.

మనకు వీధి పేర్లతో పెద్దగా పని పడకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో డోర్ నంబరు వీధిని బట్టి రాదు. వార్డు, బ్లాకు, ఇల్లు అని గీతలు పెట్టి రాసే ఆ అంకెల వరసలో వీధికి చోటే లేదు. పేరు మారిస్తే అందరి ఆధార్, రేషన్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు మార్చుకోవాల్సి వస్తుందన్న భయం అందుకే ఇక్కడ కొంత అతి. లండన్‌లో పరిస్థితి వేరు. అక్కడ ఇంటి నంబరు వీధిది. 1855లో ఏర్పడిన మెట్రోపాలిటన్ బోర్డ్ ఆఫ్ వర్క్స్ ఒకే పేరున్న వీధుల్ని వెతికి మరీ పేర్లు మార్చడానికి కారణం ఉత్తరాలు దారి తప్పడమే. మన దగ్గర పేరు మార్పు వల్ల నష్టం తక్కువ, నిజమే. లాభం కూడా అంతే తక్కువ. పక్కపక్క ఇళ్ల నంబర్ల మధ్య పొంతన లేనప్పుడు వీధికి ఎంత చక్కని పేరు పెట్టినా డెలివరీ కుర్రాడు మళ్లీ ఫోన్ చేసి ‘సార్, ఎక్కడికి రావాలి’ అని అడగక తప్పదు.

మహనీయులను స్మరించుకోవద్దా అని ఎవరైనా అడగవచ్చు. స్మరించుకోవాలి. తిరువూరులో బోసుబొమ్మ సెంటర్ ఉంది. నేతాజీ పేరు జనం నాలుక మీద నిలవడానికి ఏ కౌన్సిల్ తీర్మానమూ అక్కర్లేకపోయింది, బొమ్మ కంటికి కనిపిస్తుంది గనుక. బొమ్మ చూపించే చోటు బోర్డు చూపించలేదు. గౌరవం కోసం పెట్టిన పేర్లకు ఆయుష్షు కూడా తక్కువే. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం 2022లో వైఎస్సార్ పేరుకు మారింది. 2024లో ప్రభుత్వం మారగానే పాత పేరు తిరిగొచ్చింది. అదే 2022 ఏప్రిల్‌లో వినగడప ఉన్నచోటనే ఉండి కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాకు వచ్చింది. ఎన్టీఆర్ పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణాలోనే మిగిలింది! 2025 డిసెంబరులో హైదరాబాద్‌లో అమెరికా కాన్సులేట్ పక్క రోడ్డుకు డొనాల్డ్ ట్రంప్ పేరు పెడతామన్న ప్రతిపాదన కూడా వచ్చింది. దానివల్ల ఎవరికి దారి తెలుస్తుందో ప్రతిపాదించినవారే చెప్పాలి.

ఒక్క విషయంలో మాత్రం ఈ గీటురాయిని పక్కన పెట్టాలి. కులం పేరుతో పిలిచే వాడలకు పేరు మార్చమని అక్కడి జనం అడిగితే, గందరగోళం పెరుగుతుందని అడ్డుపడే హక్కు ఎవరికీ లేదు. ఊరూరా అంబేద్కర్ నగర్ ఉందంటే ఆ పేరు దారి చూపడంలో బలహీనమే. అయినా ఊరి పేరు కలిపి రాస్తే తీరే ఇబ్బంది కోసం మనిషిని రోజూ అవమానించే పేరును ఉంచలేం. ఇక్కడ పేరు పని వేరు.

అన్నిటికీ ఫోను ఉంది కదా, పేర్ల గొడవ దేనికని అనేవాళ్లూ ఉన్నారు. 2025లో తపాలా శాఖ డిజిపిన్ తెచ్చింది. దేశాన్ని సుమారు నాలుగు మీటర్ల గళ్లుగా కోసి, ప్రతి గడికీ పది అక్షరాలూ అంకెల కోడ్ ఇచ్చింది. మంచి పనిముట్టు. చేలో పాము కరిచినవాడి పక్కన నిలబడి ఆ పది అక్షరాలు వెతికి, తప్పులేకుండా చదివి వినిపించడం మాత్రం అందరివల్లా కాదు. యంత్రానికి కోడ్ సరిపోతుంది. మనిషి మనిషికి చెప్పడానికి నోరు తిరిగే పేరు కావాలి.

పేరు మార్చక తప్పనిచోట్లు ఉంటాయి. ఒకే పట్టణంలో రెండు మెయిన్ రోడ్లుంటే, ఒకే మండలంలో రెండు కాలనీలది ఒకే పేరైతే ఒకదాన్ని మార్చాల్సిందే. అప్పుడు దక్షిణ కొరియాను చూడాలి. స్థలం నంబర్ల మీద నడిచిన పాత చిరునామాల నుంచి రోడ్డు పేర్ల పద్ధతికి మారడానికి 2006లో చట్టం చేసి, 2011 నుంచి రెండు చిరునామాలనూ పక్కపక్కనే నడిపి, 2014లో గానీ కొత్తదాన్ని పూర్తిగా తప్పనిసరి చేయలేదు. మన జాతీయ రహదారి మీద పసుపు తల కిలోమీటరు రాయి ఉంటుంది. 30 కింద చిన్న అక్షరాల్లో ‘పాత 221’ అని పదేళ్లపాటు రాయించి ఉంటే అయ్యే ఖర్చు పెయింటు డబ్బులే. 30 నుంచి పల్లెల్లోకి చీలే ప్రతి మొగలోనూ ఆ దారి చేరే ఊరు, మధ్యలో వాగు ఉంటే వాగు పేరు, దూరం తెలుగులో రాసిన బోర్డు నిలబెడితే ఖమ్మం వైపు నుంచి సరిహద్దు దాటి వచ్చే అంబులెన్సుకూ పనికొస్తుంది. ఏ పేరు రాయాలో తీర్మానం చేసేముందు పంచాయతీ ఆ దారిన బస్సు నడిపే డ్రైవర్నీ, ఉత్తరాలు పంచే పోస్ట్‌మన్‌నూ అడిగితే మంచిది.