కొండ ఎక్కేముందు పటం చదవండి

సెలవులొస్తే సినిమాకో, చుట్టాలింటికో వెళ్ళడంతో సరిపెట్టుకోకుండా కొండలూ అడవులూ తిరిగే సరదా ఇప్పుడు మన చిన్న ఊళ్ళలోకి కూడా వచ్చింది. మంచిదే. పొద్దస్తమానం కుర్చీలో కూర్చుని పనిచేసేవాళ్ళకు ఎగుడుదిగుడు నేలమీద నడక చాలా మేలు చేస్తుంది. కాళ్ళకూ గుండెకూ మాత్రమే కాదు, నిద్రకు కూడా! అయితే "ఫోనులో జీపీఎస్ ఉందిగా, ఇక భయమేమిటి?" అంటూ ఒక్క నీళ్ళ సీసాతో బయలుదేరేవాళ్ళను చూస్తే మాత్రం డాక్టర్లకు గుండె గుభేలుమంటుంది.

దారి తప్పడానికీ ఆరోగ్యానికీ ఏమిటి సంబంధం అని మీరడగవచ్చు. చాలా ఉంది. దారి తప్పడం దానంతటది ఎవరినీ చంపదు. దారి తప్పాక తగిలే ఎండదెబ్బ, తీరని దాహం, చీకట్లో కంగారుగా దిగుతూ కాలుజారి పడటం, రాత్రి వేసుకోవలసిన మందులు ఇంట్లో ఉండిపోవడం - ప్రాణం మీదికి తెచ్చేవి ఇవి.

ఒక నిజ సంఘటన చెబుతాను. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 2013 జూలైలో 66 ఏళ్ళ విశ్రాంత నర్సు ఒకామె అపలేషియన్ ట్రెయిల్ అనే ప్రసిద్ధమైన కాలిబాటలో ఒంటరిగా నడుస్తోంది. అప్పటికే వందల మైళ్ళు నడిచిన మనిషి. కాలకృత్యం కోసం బాట దిగి చెట్లలోకి వెళ్ళింది. తిరిగి వస్తే బాట కనిపించలేదు. భర్తకు ఫోనులో సందేశాలు పంపింది, సిగ్నలు లేక ఒక్కటీ చేరలేదు. సిగ్నలు దొరుకుతుందేమోనని ఇంకా ఎత్తుకు వెళ్ళి, చివరికి దట్టమైన చెట్ల కింద గుడారం వేసుకుంది. దాదాపు నాలుగు వారాలు బతికే ఉంది, డైరీ కూడా రాసుకుంది. వందలమంది వెతికారు. 2015 అక్టోబరులో ఆమె అస్థికలు దొరికిన చోటు బాటకు రెండు మైళ్ళ లోపే! అత్యవసర సందేశం పంపే ఉపగ్రహ పరికరం ఆమెకు ఉండేది. దాన్ని బసలో వదిలి వెళ్ళింది. దిక్సూచి దగ్గరే ఉంది గాని వాడటం బాగా తెలియదు.

వస్తువు ఉండటం వేరు, వాడటం తెలియడం వేరు అన్నది ఇక్కడ గమనించాలి.

"తిన్నగా నడుచుకుంటూ పోతే ఎక్కడో ఒక చోట రోడ్డు తగలదా?" అనేవాళ్ళున్నారు. తగలదు. ఎందుకంటే మనిషి తిన్నగా నడవలేడు. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రజ్ఞులు కొందరిని ఒక పెద్ద అడవిలోనూ, సహారా ఎడారిలోనూ నడిపించి, వాళ్ళ జాడను జీపీఎస్‌తో గీసి 2009లో ప్రకటించారు. సూర్యుడో చంద్రుడో కనిపించినంతసేపు ఫరవాలేదు. మబ్బు పట్టిందా, నడిచినవాళ్ళు తమకు తెలియకుండానే గుండ్రంగా తిరిగి తమ దారినే మళ్ళీ దాటారు. కళ్ళకు గంతలు కడితే 20 మీటర్ల వలయంలో తిరిగినవాళ్ళు కూడా ఉన్నారు. ఒక కాలు పొడుగు, ఒక కాలు పొట్టి కావడం వల్ల ఇలా జరుగుతుందని పాతకాలం నమ్మకం. ఆ పరిశోధనలో అది నిలవలేదు. మెదడు "తిన్నగా" అనుకునే దిక్కే కాసేపటికి కొంచెం కొంచెంగా పక్కకు జరిగిపోతుందట. కనుక దారి విషయంలో మీ అంతరాత్మను నమ్మకండి.

మరి జీపీఎస్‌ను నమ్మవచ్చా? కొంతవరకు. 20 వేల కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలు ఎంత ఆలస్యంగా చేరాయో లెక్కగట్టి మీరున్న చోటు చెబుతుందది. కనీసం నాలుగు ఉపగ్రహాలు దానికి "కనిపించాలి". ఆరుబయట అయిదారు మీటర్ల తేడాతో సరిగ్గానే చెబుతుంది. ఇరుకు లోయలో, నిటారు బండల పక్కన, దట్టమైన చెట్ల కింద ఆ తేడా పెరిగిపోతుంది. ఇంకొక మాట. ఉపగ్రహం నుంచి స్థానం తెలియడానికి ఫోను సిగ్నలు అక్కర్లేదు. కాని ఆ స్థానాన్ని చూపించే పటం ఇంటర్నెట్ నుంచి వస్తుంది. సిగ్నలు లేని చోట తెల్లటి తెరమీద ఒక నీలిచుక్క మాత్రం కనిపిస్తుంది! అందుకని ఆ ప్రాంతం పటాన్ని ఇంట్లో ఉండగానే ఫోనులోకి దింపుకోండి. అడవిలోకి వెళ్ళగానే ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. లేని సిగ్నలు కోసం వెతికి వెతికి బాటరీ సగం అయిపోతుంది. జీపీఎస్ ఆ మోడ్‌లోనూ పనిచేస్తుంది.

బాటరీ అక్కర్లేనిది కాగితం పటం ఒక్కటే. సర్వే ఆఫ్ ఇండియా వారి టోపో షీట్లు 1:50,000 స్కేలులో ఉంటాయి. అంటే పటం మీద రెండు సెంటీమీటర్లు నేలమీద ఒక కిలోమీటరు. వాటిలో గోధుమరంగు వంపు గీతలు కనిపిస్తాయి. స్కూల్లో సమోన్నత రేఖలని చదివి, పరీక్ష కాగానే మరిచిపోయినవి ఇవే. ఒక గీత పొడవునా నేల ఒకే ఎత్తులో ఉంటుంది. కొండ ప్రాంతాల్లో సాధారణంగా గీతకూ గీతకూ మధ్య 20 మీటర్ల ఎత్తు తేడా ఉంటుంది. గీతలు దూరదూరంగా ఉంటే చదును, ఒకదానిమీద ఒకటి పడ్డట్టు ఉంటే నిట్టనిలువు.

డాక్టరుగా నాకు ఈ గీతలంటే ఇష్టం. మీ గుండె ఎంత పని చేయవలసివస్తుందో ఇవి ముందే చెబుతాయి. తిరుమల మెట్లదారి చాలామంది ఎక్కే ఉంటారు. అలిపిరి నుంచి 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్ల దూరం. శ్రీవారి మెట్టు వైపు నుంచి 2,388 మెట్లు, రెండు కిలోమీటర్ల పైచిలుకు. "దగ్గర దారి కదా" అని మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను రెండో దారిన తీసుకువెళతారు. దూరం తగ్గినంతగా ఎత్తు తగ్గలేదని ఆలోచించరు. తక్కువ దూరంలో ఎక్కువ ఎత్తు అంటే నిమిషానికి గుండె చేసే పని ఎక్కువ. అలిపిరి దారిలోనూ అంతే: గాలి గోపురం దాకా ఆయాసం, ఆ తరువాత హాయి, చివరికి మోకాళ్ళ పర్వతం దగ్గర మళ్ళీ పరీక్ష. పటం చదవగలిగిన వాడికి ఈ మూడూ ఇంట్లో కూర్చునే తెలుస్తాయి. ఎక్కడ కూర్చోవాలో, ఎక్కడ నీళ్ళు తాగాలో ముందే గుర్తు పెట్టుకోవచ్చు.

1892లో నెయిస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు ఒక చిన్న లెక్క చెప్పాడు. అయిదు కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ ఇంకొక గంట. పది కిలోమీటర్లు నడిచి 600 మీటర్లు ఎక్కాలంటే మూడు గంటలన్నమాట. ఇది చలిదేశంలో గట్టివాడి లెక్క. మన ఎండలో, పిల్లలతో, అత్తగారితో అయితే దాన్ని రెట్టింపు చేసుకోండి. వచ్చిన గంటలను చూసి సూర్యాస్తమయానికి రెండు గంటల ముందు తిరిగి చేరగలరా అని లెక్కవేయండి. చేరలేకపోతే ఆ దారి ఆ రోజుకు కాదు.

నీళ్ళ లెక్క కూడా ఆ గంటల నుంచే వస్తుంది. ఎండలో ఎక్కేటప్పుడు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు అవసరం. దాహం వేసేదాకా ఆగకుండా కొంచెం కొంచెంగా తాగాలి. అలాగని ఉత్త నీళ్ళే లీటర్లకు లీటర్లు తాగడం కూడా ప్రమాదమే. రక్తంలో సోడియం పలచబడి వాంతులు, తికమక, ఫిట్స్ కూడా రావచ్చు. ఓఆర్ఎస్ పొట్లాలు దగ్గర పెట్టుకోండి. పెద్ద పొట్లం లీటరు నీళ్ళకు ఒకటి. అవి లేకపోతే లీటరు నీళ్ళలో అర టీస్పూను ఉప్పు, ఆరు టీస్పూన్ల పంచదార. ఉప్పు బిస్కెట్లు, మజ్జిగ కూడా మంచివే. తలనొప్పి, వికారం, కండరాలు పట్టెయ్యడం మొదలైతే నీడన కూర్చోబెట్టండి. మాట తడబడుతూ, ఒళ్ళు కాలిపోతుంటే అది వడదెబ్బ. ఒంటినిండా నీళ్ళు పోసి విసురుతూనే ఆసుపత్రికి చేర్చాలి. స్పృహ లేనివాడి నోట్లో నీళ్ళు పోయకండి.

మధుమేహానికి ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి బిళ్ళలు గాని వాడేవాళ్ళకు ఎక్కువ నడకతో చక్కెర హఠాత్తుగా పడిపోతుంది. జేబులో గ్లూకోజు ఉంచుకోండి. సంచిలో కాదు, జేబులో! మూత్రం ఎక్కువ చేసే రక్తపోటు బిళ్ళలు వాడేవాళ్ళు ముందు తమ డాక్టరుతో మాట్లాడాలి, సొంతంగా మానేయకూడదు. అందరూ ఒక రోజు మందులు అదనంగా తీసుకువెళ్ళాలి.

అమెరికాలో ఉన్న మన పిల్లలు మనవళ్ళను తీసుకుని "జియోకాషింగ్" అనే ఆట ఆడుతున్నారని విని ఉంటారు. అక్కడికి వెళ్ళిన తాతయ్యలు కూడా ఉత్సాహంగా తిరుగుతున్నారు. ఉపగ్రహ సంకేతాల్లో అమెరికా ప్రభుత్వం కావాలని పెట్టిన లోపాన్ని 2000 మే నెల మొదట్లో తీసేయగానే, డేవ్ అల్మర్ అనే ఆయన ఒరెగాన్ అడవిలో ఒక బకెట్టు దాచి, దాని అక్షాంశ రేఖాంశాలు ప్రకటించాడు. అలా పుట్టింది. చిన్న డబ్బాను వెతికి, అందులోని పుస్తకంలో పేరు రాసి, దాన్ని మళ్ళీ అక్కడే పెట్టాలి. టీవీ ముందు నుంచి పిల్లవాణ్ణి లేపి రెండు మైళ్ళు నడిపించే ఆట కనుక నేను మెచ్చుకుంటాను. కాని డబ్బా దాగేది బండ సందుల్లో, చెట్టు తొర్రల్లో. ఇంకా ఎవరెవరు అక్కడ దాగుతారో మీకు తెలుసు! చెయ్యి పెట్టేముందు కర్రతో కదిపి, టార్చి వేసి చూడండి. మన దేశంలో ఎర్రతేలు కుట్టి చెమటలు, ఆయాసం వస్తే పిల్లలకు ప్రాణాపాయం. మహారాష్ట్రలో డాక్టర్ బావస్కర్ పరిశోధనల వల్ల ప్రాజోసిన్ అనే మామూలు బిళ్ళ దానికి మంచి మందని తేలింది. పాము కరిస్తే కట్లు కట్టడం, కోయడం, పీల్చడం ఏదీ వద్దు. కదలకుండా ఆసుపత్రికి చేర్చడమే. అమెరికాలో అయితే గడ్డిలో నడిచి వచ్చాక ఒళ్ళంతా పిడుదుల కోసం చూసుకోవాలి. వాటి వల్ల లైమ్ జబ్బు వస్తుంది. మన రిజర్వు అడవుల్లోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్ళకూడదు. ఆ పిల్లలు అక్కడినుంచి తెచ్చే ఉపగ్రహ సందేశ పరికరాలను ఇక్కడ ప్రభుత్వ అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోకూడదు కూడా.

పటాలకూ జ్వరాలకూ మన నేలమీద పాత చుట్టరికం ఉంది. ప్రపంచంలో ఎత్తయిన శిఖరానికి ఎవరి పేరు పెట్టారో ఆ జార్జ్ ఎవరెస్ట్ 1819లో కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో సర్వే చేస్తుంటే ఆయన దండుకు దండే జ్వరపడింది. ఆయన కోలుకోవడానికి దక్షిణాఫ్రికా దాకా ఓడెక్కవలసివచ్చింది. ఈనాడు అంత అవసరం లేదు గాని, అడవికి వెళ్ళివచ్చిన నాలుగు వారాల్లోపు జ్వరం వస్తే ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. మలేరియా కావచ్చు, స్క్రబ్ టైఫస్ కావచ్చు. ఈ రెండో దానిలో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు చంకలోనో గజ్జల్లోనో ఉంటుంది. నొప్పి ఉండదు కనుక రోగి చెప్పడు. డాక్సీసైక్లిన్ అనే చౌక మందుతో తగ్గిపోయే ఈ జబ్బు, ఆలస్యమైతే ఊపిరితిత్తుల్నీ మూత్రపిండాల్నీ దెబ్బతీస్తుంది.

అన్నీ సరిగా చేసినా దారి తప్పారనుకోండి. ఆగిపోండి. కూర్చోండి, నీళ్ళు తాగండి, పది నిమిషాలు ఏమీ నిర్ణయించకండి. భయంలో గుండె దడదడలాడుతుంటే మెదడు పరుగెత్తమనే చెబుతుంది. అప్పుడు పరుగెత్తినవాళ్ళే దొరక్కుండా పోయేది. తరువాత పటం తీసి, ఆఖరున కచ్చితంగా గుర్తుపట్టిన చోటు ఏదో చూడండి. జీపీఎస్‌లో మీ నడక జాడ ఉంటే దాని వెంటే వెనక్కి నడవండి. అడ్డదారి వద్దు. సాయంత్రమైపోతే కదలకుండా ఆరుబయలు చోట ఉండి, ఈలను మూడేసిసార్లు ఆగి ఆగి ఊదండి. గొంతు అరగంటలో పోతుంది, ఈల పోదు.

ఫోను చేయవలసిన నంబరు 112. మీ కంపెనీ సిగ్నలు లేకపోయినా, ఆ చోట ఏ కంపెనీ సిగ్నలున్నా ఈ కాల్ వెళ్ళే అవకాశం ఉంది. ముందుగా మీరున్న చోటు అంకెలు కాగితం మీద రాసుకుని ఆ తరువాత ఫోను చేయండి, బాటరీ మధ్యలో పోవచ్చు. అంకెలు చెప్పడంలో ఒక చిక్కుంది. ఫోను 16.30 డిగ్రీలు అని చూపిస్తే అది దశాంశం. దాన్ని "పదహారు డిగ్రీల ముప్ఫై నిమిషాలు" అని చదివితే 22 కిలోమీటర్ల అవతల వెతుకుతారు. "పదహారు పాయింటు మూడు సున్నా" అని, పాయింటు తరువాతి నాలుగు అంకెలూ ఒక్కొక్కటిగా, నెమ్మదిగా చెప్పి, అవతలివాళ్ళచేత తిరిగి చదివించుకోండి. ఎంతమంది ఉన్నారు, ఎవరికేం దెబ్బ తగిలింది, నీళ్ళెన్ని ఉన్నాయి, ఎవరు ఏ మందులు వాడతారు - ఈ నాలుగూ చెప్పి ఫోను పెట్టేయండి. వాళ్ళు తిరిగి చేసేవరకు ఆ చోటు నుంచి కదలకండి.