కత్తిపీటకు ఇంటి సాన

పేరు మారినా పీట ఒకటే. బెంగాల్‌లోనూ బంగ్లాదేశ్‌లోనూ బొటి, నేపాల్‌లో చులేసి, మహారాష్ట్రలో విళీ, తమిళనాడులో అరివాళ్మణై, కర్ణాటకలో ఈళిగె మణె. 1985లో పుట్టిన సార్క్ ఇప్పటికీ సాధించలేకపోయిన ఏకాభిప్రాయాన్ని కత్తిపీట ఎప్పుడో సాధించింది. నిలబడి వండే గట్టు వచ్చాక అది చాలా ఇళ్లలో మూలకు చేరిన మాట నిజమే. కానీ కోల్‌కతా చేపల బజారును, మన పెళ్లి వంటలను అది లేకుండా ఊహించలేం.

చిక్కల్లా పదును పోయినప్పుడే. చాకుతో కోసేటప్పుడు కదిలేది కత్తి. ఇక్కడ కత్తి కదలదు, కూరగాయతో పాటు చెయ్యే అంచు మీదికి వెళుతుంది. మొండి అంచు మీద సొరకాయను గట్టిగా నెట్టాల్సి వస్తుంది, అది జారిందంటే తర్వాత తెగేది అరచెయ్యే. కోసేవాళ్లు భయపడాల్సింది పదునుకు కాదు, మొండితనానికి.

వీధిలో కాలితో తొక్కే సాన చక్రం కనిపించడం అరుదైపోయింది. ఇక మిగిలింది మోటారు చక్రం. పని రెండు నిమిషాల్లో అయిపోతుంది, కానీ చక్రం ఆగిన చోటల్లా అంచులో గుంట పడుతుంది. పైగా వేడి. అంచు నీలం రంగుకు తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడినట్టే, ఎంత నూరినా ఆ చోట పదును నిలవదు.

అలాగని ఇంట్లోని చదును సానరాయి కూడా పనికిరాదు. చాలా కత్తిపీటలకు కొడవలికున్నట్టు లోపలి వంపులోనే అంచు ఉంటుంది. చదును రాయి ఆ వంపుకు రెండు కొసల్లోనే ఆనుతుంది. అసలు కోసే నడుమ భాగం అలాగే ఉండిపోతుంది, కొసలు అరిగి వంపు తగ్గుతుంది. కాయను జారకుండా పట్టి ఉంచేది ఆ వంపే.

కాబట్టి రాయి గుండ్రంగా ఉండాలి, కదలాల్సిందీ అదే. మూరెడు పొడవున్న గుండ్రటి కర్రకు 400 నంబరు ఎమరీ కాగితం బిగించి చుడితే చాలు. మీరు అంచుకు ఎదురుగా కాకుండా కత్తి వీపు వైపు కూర్చుని, పీటను కాలితో అదిమి పట్టండి. కర్రను వీపు వైపు నుంచి అంచు దాటే దాకా తోయాలి. ఎదురు తోస్తే కాగితం చిరుగుతుంది. పాత వాలు ఎంత ఉందో అంతే ఉంచాలి. అది తెలియకపోతే అంచు పక్కన మార్కర్ పెన్నుతో రంగు పూసి రెండుసార్లు రుద్ది చూడండి. రంగు పోయిన చోటే కర్ర ఆనుతున్నట్టు. అంచు దగ్గర రంగు మిగిలితే కర్రను కాస్త లేపాలి.

ఒక వైపు రుద్దుతుంటే రెండో వైపున సన్నటి గరుకు లేస్తుంది. వేలిని వీపు నుంచి అంచు వైపు అడ్డంగా జరిపితే తెలుస్తుంది, అంచు వెంబడి మాత్రం పొరపాటున కూడా జరపకూడదు. గరుకు అంచు పొడవునా తగిలితే రెండో వైపుకు మారొచ్చు. చివర్లో 1000 నంబరు కాగితంతో అటూ ఇటూ తేలిగ్గా నాలుగు సార్లు. పైన కొబ్బరి కోరుపళ్లు ఉంటే వాటి జోలికి పోవద్దు.

పరీక్షకు పండిన టమాటా చాలు. నొక్కకుండానే తోలు తెగాలి. ఇనుప కత్తయితే కడిగి, వెంటనే తుడిచి, రెండు చుక్కల వంటనూనె రాయండి. స్టీలుకు ఆ అవసరం లేదు. పిల్లలున్న ఇంట్లో మాత్రం ఏ కత్తయినా గోడ వైపు తిప్పి పెట్టాల్సిందే.