ట్రాంబోను కొనే ముందు స్లైడు చూడండి

సంఘ యౌవనస్థుల బ్యాండుకు ట్రాంబోను కొనాలనుకునే పెద్దలు మొదట అడిగే ప్రశ్న, "ఏ కంపెనీది మంచిది?" అని. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే అనంతపురం సీమలో, బుడ్డల పంట చేతికొచ్చిన ఏడు కోతపండుగలో పోగైన కానుక మళ్లీ ఎప్పుడు పోగవుతుందో తెలియదు. అందుచేత పేరు ఒక్కటే చూసి కొనవద్దని మా మనవి.

ట్రంపెట్‌కు ఉన్నట్టు ట్రాంబోనుకు మీటలుండవు. ఒక గొట్టం మీద మరొకటి జారే స్లైడే దాని ప్రాణం. ఆ స్లైడును ఏడు స్థానాలలో నిలిపి స్వరాలు పలికిస్తారు. రెండు గొట్టాల మధ్య సందు వెంట్రుకవాసి మాత్రమే. రామగిరి గుట్టల మీద గాలిమరలను తిప్పే గాలే మన ఊళ్లలో దుమ్మును కూడా లేపుతుంది. ఆ దుమ్ము స్లైడులో చేరితే ఎంత గొప్ప కంపెనీదైనా గీతలు పడి పట్టేస్తుంది.

ఇక కంపెనీల సంగతి. ఉత్తరప్రదేశ్‌లోని మీరట్ నగరంలో జలీకోఠీ మన దేశపు బ్యాండు వాయిద్యాలకు పేరుపడ్డ చోటు. 1885లో ఏర్పడిన నాదిర్ అలీ కంపెనీ మీరట్‌దే. మీరట్ సరుకు ధర తక్కువ. అయితే చేతిపని గనుక ఒకదానికీ మరొకదానికీ తేడా ఉంటుంది. స్వయంగా పరీక్షించి తీసుకోవాలి. జపాను యమహా, అమెరికా బాక్ కంపెనీల కొలతలు నిలకడగా ఉంటాయి గానీ ధర చాలా ఎక్కువ. నేర్చుకునేవారికి యమహా వైఎస్ఎల్-354 పేరున్న రకం. స్లైడు బాగున్న పాత యమహా దొరికితే, కొత్త చౌక వాయిద్యం కంటే మేలు. చిన్నపిల్లలకు పీబోన్ అనే ప్లాస్టిక్ ట్రాంబోను ఉంది. దాని బరువు కిలో లోపే. బొటనవేలి మీట గల రకం మొదట్లో అక్కరలేదు. దానివల్ల బరువు, మరమ్మతు ఖర్చు పెరుగుతాయి.

దుకాణంలో ఈ మూడు పనులు చేయండి. స్లైడు గొట్టాల మీద సొట్టలున్నాయేమో వెలుతురులో చూడండి. స్లైడును విడదీసి, నూనె రాసి నిలువుగా పట్టుకొని, కింద చెయ్యి ఉంచి గడియ తీయండి. బయటి గొట్టం ఎక్కడా తట్టుకోకుండా జారాలి. తరువాత పై రంధ్రాలు రెండూ వేళ్లతో మూసి మళ్లీ వదలండి. ఈసారి మెల్లగా దిగాలి. దబ్బున దిగితే గాలి పోతున్నట్టే. వీలైతే మీ దగ్గరి బ్యాండు మేళంలో అనుభవమున్న వాయిద్యకారుణ్ణి వెంట తీసుకువెళ్లండి.

కొన్న తరువాత గట్టి పెట్టె తప్పనిసరి. వాయించిన ప్రతిసారీ లోపలి గొట్టాలను మెత్తని గుడ్డతో తుడిచి స్లైడు నూనె రాయాలి. బోరు నీళ్లు వాడవద్దు. అవి ఆరితే తెల్లని పొర కడతాయి. డిస్టిల్డ్ వాటర్ మంచిది.

పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో, స్పష్టత లేని బూర ధ్వనికి ఎవరు సిద్ధపడతారని అడిగాడు. కాబట్టి కానుకనంతా వాయిద్యానికే ఖర్చు చేయక, కొంత నేర్పేవారి కోసం, కొంత మరమ్మతు కోసం వేరుగా ఉంచండి. లేకుంటే ఎంత మంచి ట్రాంబోనైనా గుడి గోడకు వేలాడవలసిందే.