దీపమారిన తరువాత

పళ్లెములో కొంచెము రంగునీరు పోసి, నడుమ కొవ్వొత్తి నిలిపి వెలిగించి, దానిపై గాజుగ్లాసు బోర్లించుట మన పాఠశాలలలో తరతరములుగా జరుగుచున్న ప్రయోగము. దీపము కొంతసేపు వెలిగి, కుంచించుకొని, ఆరిపోవును. పళ్లెములోని నీరు గ్లాసులోనికి ఎగబ్రాకును. పిల్లలు ఒక్కుమ్మడిగా 'ఓహో' అందురు. ఉపాధ్యాయుడు నల్లబల్లవైపు తిరిగి ఇట్లు వ్రాయించును: "గాలిలో అయిదవ వంతు ప్రాణవాయువు. మంట దానిని హరించినది. ఖాళీ అయిన ఆ చోటికి నీరు వచ్చినది." పిల్లలు వ్రాసికొందురు. గంట మ్రోగును.

చిక్కేమనగా, ఆ వివరణము సరియైనది కాదు. ఈ మాట తేల్చుటకు గొప్ప ప్రయోగశాల అక్కరలేదు. అదే పళ్లెము, అదే గ్లాసు చాలును. నీరు ఎప్పుడు ఎక్కినదో గమనింపుడు. ప్రాణవాయువు తరుగుటయే కారణమైనచో, దీపము వెలుగుచున్నంతసేపును నీరు క్రమముగా ఎక్కవలెను. అట్లు జరుగదు. దీపము ఆరబోవు వేళకు, ఆరిన తరువాతను, నీరు గబగబ పైకి వచ్చును. ఇక అదే గ్లాసు క్రింద ఒక కొవ్వొత్తికి బదులు మూడింటిని వెలిగింపుడు. గ్లాసు పెరుగలేదు, అందలి ప్రాణవాయువును పెరుగలేదు. అయినను నీరు మునుపటికంటె ఎత్తునకు ఎక్కును. అయిదవ వంతు లెక్క అక్కడనే చెదరిపోవుచున్నది.

అసలు కారణము వేడి. గ్లాసును బోర్లించునప్పటికే మంటచుట్టునున్న గాలి వేడెక్కి వ్యాకోచించి యుండును. కొంత అంచు క్రిందుగా బుడగలై వెలికి పోవుటయు కలదు. దీపమారగానే లోపల మిగిలిన గాలి చల్లారి సంకోచించును. లోపలి ఒత్తిడి తగ్గగా, బయటి వాతావరణపు ఒత్తిడి నీటిని లోనికి నెట్టును. మంటలో పుట్టిన నీటియావిరి గ్లాసు గోడపై చెమ్మయై నిలుచుటయు ఇందుకు కొంత తోడ్పడును. ప్రాణవాయువు కొంత వ్యయమగుట నిజమే. కాని దానికి మారుగా బొగ్గుపులుసు వాయువు పుట్టుచున్నది. పైగా ప్రాణవాయువు పూర్తిగా అడుగంటకమునుపే దీపము ఆరిపోవుచున్నది.

ఇంత చిన్న విషయమునకు సంపాదకీయమేల యని కొందరడుగవచ్చును. తప్పు చిన్నది కావచ్చును. దానివలన పిల్లవాడు నేర్చు పాఠము చిన్నది కాదు. దీపమారిన తరువాతనే నీరు ఎక్కుటను వాడు కన్నులార చూచినాడు. పుస్తకమున మరియొకటి వ్రాసినాడు. పరీక్షలో ఆ వ్రాసినదానికే మార్కులు వచ్చినవి. తన కన్నులకంటె నల్లబల్లయే గొప్పదని వాడు ఆనాడే గ్రహించును. విజ్ఞానశాస్త్రము నేర్పవలసినదానికి ఇది సరిగా విరుద్ధము.

లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ 1825లో బాలబాలికల కొరకు క్రిస్మసు ఉపన్యాసములను ప్రారంభించినది. రెండవ ప్రపంచయుద్ధకాలపు కొన్ని సంవత్సరములు తప్ప అవి నేటికిని సాగుచున్నవి. కమ్మరి కొడుకై పుట్టి, పుస్తకములు కుట్టు అంగడిలో పని నేర్చిన మైకేల్ ఫారడే అచ్చట 1860 డిసెంబరు చివర మొదలుపెట్టి, ఆరు ఉపన్యాసములు ఒక్క కొవ్వొత్తిని గురించియే చెప్పెను. మరుసటి యేడు అవి పుస్తకముగా వెలువడినవి. మంట నడుమనుండి గాజుగొట్టము ద్వారా ఆవిరిని బయటికి రప్పించి, దాని రెండవ కొసను అంటించి, మండునది మైనపు ముద్ద కాదు, మైనపు ఆవిరి యని ఆయన చూపెను. ఒక వింత కనబడినంతనే హేతువును విచారించు అలవాటు చేసికొనుడని పిల్లలకు బోధించెను.

మన తరగతులలోను అట్టి విచారణకు కావలసిన సామగ్రి తక్కువ ఖర్చుతో సమకూడును. వంటసోడాపై నిమ్మరసము పిండినచో బొగ్గుపులుసు వాయువు వచ్చును. ఎత్తు తక్కువలుగా నిలిపిన కొవ్వొత్తులున్న గిన్నెలోనికి దానిని మెల్లగా వంపినచో పొట్టి కొవ్వొత్తి ముందు ఆరును. ఆ వాయువు గాలికంటె బరువైనదని తెలియును. పిమ్మట రెండు కొవ్వొత్తులను, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, వెలిగించి ఒకే పెద్ద గాజుపాత్రతో మూయుడు. ఈసారి సాధారణముగా పొడుగుది ముందు ఆరును! అదే వాయువు ఇచ్చట వేడియై పైకి చేరినది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన చూచిన విద్యార్థి వేడికిని వాయువులకును గల సంబంధమును ఎన్నటికిని మరువడు. నూనెలో పూరీ ఏల పొంగునో, మంగలములో పేలాలు ఏల పేలునో తల్లిని అడుగకముందే తాను ఊహింపగలుగును.

ఒక హెచ్చరిక అవసరము. పిల్లలను అబ్బురపరచవలెనను తొందరలో మంటపై మద్యసారములు పోయుట, ఉదజని వాయువు నింపిన బుడగలను తరగతిలో పేల్చుట కూడదు. అమెరికా దేశపు పాఠశాలలలో మిథనాల్‌తో చేసిన మంటల ప్రదర్శనలలో విద్యార్థులు తీవ్రముగా కాలిన ఘటనలు జరుగగా, 2014లో అచ్చటి రసాయన భద్రతామండలి ఉపాధ్యాయులను ప్రత్యేకముగా హెచ్చరింపవలసి వచ్చినది. కొవ్వొత్తి ప్రయోగములకు సైతము పెద్దలు దగ్గరనుండవలెను. ప్రక్కన నీళ్లబకెట్టు ఉండవలెను.

ఉపాధ్యాయమిత్రులకు మా మనవి యొక్కటే. ప్రయోగము ముగియగానే నల్లబల్లవైపు తిరుగకుడు. ఏమి చూచితిరని పిల్లలను అడుగుడు. నోటుపుస్తకములో చూచినది ఒక వైపున, అనుకొన్నది మరియొక వైపున వ్రాయింపుడు. "మూడు కొవ్వొత్తులు పెట్టినచో ఏమగునండీ?" యని వెనుకబల్లనుండి ఎవడైన అడిగినచో, మందలించి కూర్చుండబెట్టక, మరి రెండు కొవ్వొత్తులు తెప్పింపుడు. మీకు జవాబు తెలియకపోయినను చింత లేదు. పళ్లెములోని నీరు చెప్పును.