ముందు చట్రం నేర్పండి

నేను బహ్రెయిన్‌లో, ముహర్రక్ దీవిలోని బుసైతీన్‌లో ఉంటాను. పదకొండేళ్లుగా అల్యూమినియం కిటికీలు, తలుపులు చేస్తున్నాను. మాది జగిత్యాల దగ్గరి పల్లె. అక్కడ సర్కారు బడిలో తొమ్మిది చదివే నా కొడుకు పోయిన నెల ఫోన్ చేశాడు. "బాపూ, రోబో సక్కగ పోతలేదు, ఎడమకే గుంజుతాంది." వారం నుంచి ప్రోగ్రామే మార్చుకుంటూ కూర్చున్నాడట.

రోబో బండిని నున్నటి బండమీద పెట్టి, ఒక్కో చక్రం కిందికి కాగితం తోయమన్నాను. ఒకదాని కింద దూరిపోయింది. కిట్‌లో వచ్చిన ప్లాస్టిక్ పలక బ్యాటరీ బరువుకు మెలిపడింది. ప్రోగ్రాములో ఏ తప్పూ లేదు.

శుక్రవారం నాకు సెలవు. వీడియో కాల్‌లోనే కొత్త చట్రం కట్టాం. ఊళ్లో కిటికీలు చేసే అన్న దగ్గర మిగిలిన అల్యూమినియం గొట్టం ముక్కలు తెచ్చుకున్నాడు. చిన్న మోటారు ముందు చట్రాన్ని మోయాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. ఇనుముతో పోలిస్తే అల్యూమినియం మూడో వంతు బరువే.  పంచ్‌తో చుక్క కొట్టి 3 మి.మీ. బిట్టుతో రంధ్రాలు, ఆకురాయితో అంచులు. బయటి కొలత 20 సెంటీమీటర్లు, 15 సెంటీమీటర్లు. బోల్టులు బిగించకముందు మూల నుంచి మూలకు టేపు పెట్టించాను. ఒకటి 25.3, రెండోది 24.7. పొడవున్న మూలమీద మెల్లగా తట్టమన్నాను. రెండూ 25కు వచ్చి, మూలలు మట్టంగా కుదిరాకే బిగింపు. వెనక రెండు చక్రాలు తీసి ఎటైనా తిరిగే క్యాస్టర్ చక్రం ఒక్కటే పెట్టించాను. ముక్కాలిపీట ఎగుడుదిగుడు నేలమీద కూడా ఊగదు కదా.

పైథాగరస్ సిద్ధాంతం వాడికి పుస్తకంలో వచ్చు. చేతిలోకి వచ్చింది మాత్రం ఆ రోజే.

బడి పిల్లలు ఇలాంటివి చేసి నేర్చుకోవడానికి 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులకు ఒక్కో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇస్తున్నారు. సర్కారు బళ్లలో మరో 50 వేల ల్యాబులు పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. చాలా సంతోషం. నేను అడిగేది ఒక్కటే: రంధ్రాలు ముందే పడి ఉన్న పలకలతో పని మొదలుపెట్టించకండి. మూలమట్టం, హాక్సా, ఆకురాయి ఇవ్వండి. మండలంలో కిటికీలు చేసేవాళ్లను, వెల్డర్లను నెలకు రెండు పూటలు పిలిచి, కూలి కట్టి, పిల్లల ముందు నిలబెట్టండి. చేతులు తెగుతాయని భయపడే టీచర్లకు కూడా వాళ్లే ధైర్యం. కంటికి అద్దాలు పెట్టాలని, ముక్కను బిగించకుండా డ్రిల్ ఆడించొద్దని వాళ్లకు ఒకరు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బండి సక్కగా పోతోంది. ఈసారి దానికి చెయ్యి పెడతాడట. నిన్న రాత్రి అడిగాడు: "బాపూ, చెయ్యి ముందటికి చాపితే బండి బోర్ల పడదా?"