పెట్టెలో కరెంటు... ఎన్ని గంటలు?

2014 అక్టోబరు 12. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. కరెంటు స్తంభాలు నేలకూలాయి. చాలా వీధుల్లో రోజుల తరబడి చీకటే. సెల్‌ఫోన్ ఛార్జింగ్ కోసం జనం జనరేటర్ ఉన్న చోటు వెతుక్కోవాల్సి వచ్చింది.

అలాంటి రోజుల్లో అక్కరకొచ్చేవే పోర్టబుల్ పవర్ స్టేషన్లు. లిథియం బ్యాటరీ, ఇన్వర్టర్, ప్లగ్గులు అన్నీ ఒకే పెట్టెలో ఉంటాయి. పొగ రాదు. 500 వాట్ అవర్ల పెట్టె ఆరేడు కిలోలే కాబట్టి పొలానికైనా, పునరావాస కేంద్రానికైనా చేత్తో పట్టుకెళ్లొచ్చు.

అయితే, కొనేముందు ఓ చిన్న లెక్క తప్పనిసరి. పెట్టె మీద రాసిన 500 మొత్తం చేతికి రాదు. ఇన్వర్టర్ వాటా పోగా మిగిలేది సుమారు 425. దాన్ని పరికరం వాట్లతో భాగిస్తే ఎన్ని గంటలో తెలిసిపోతుంది. 10 వాట్ల ఎల్ఈడీ బల్బు 40 గంటలు వెలుగుతుంది. 75 వాట్ల పాత ఫ్యాను అయిదున్నర గంటలు, 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను 14 గంటలు తిరుగుతాయి.

మరి ఇంట్లో పెద్దాయన ఆక్సిజన్ కాన్సంట్రేటర్ మీద ఉంటే? అది 350 వాట్లు తీసుకునేదైతే... గంటంపావు కూడా రాదు! పెట్టె ఉంది కదా అని నిశ్చింతగా ఉంటే ప్రాణం మీదికొస్తుంది. సిలిండరు పక్కన సిద్ధంగా ఉండాల్సిందే. దాన్ని బిగించేంత వ్యవధి మాత్రమే ఈ పెట్టె ఇచ్చేది.

బ్యాటరీ రకమూ చూడాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే వేడికి బాగా తట్టుకుంటుంది, ఎక్కువ ఏళ్లు మన్నుతుంది. దీన్ని 1990ల్లో వెలుగులోకి తెచ్చింది జాన్ గుడెనఫ్ బృందం. లిథియం అయాన్ బ్యాటరీల మీద చేసిన కృషికి ఆయన 2019లో, 97 ఏళ్ల వయసులో, మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నారు.

సౌరఫలకంతోనూ ఛార్జింగ్ పెట్టుకోవచ్చు. కానీ 100 వాట్ల ఫలకం మంచి ఎండలోనూ 70 దాకా ఇస్తే గొప్పే. అంటే 500 నిండడానికి ఏడు గంటల పైమాటే. తుపాను మబ్బుల్లో ఆ ఆశా ఉండదు. అందుకే హెచ్చరిక వినగానే గోడ ప్లగ్గుకే తగిలించి పూర్తిగా నింపేయాలి.

ఇంకో మాట. ఇంట్లో ఏ పరికరం ఎన్ని గంటలు నడుస్తుందో కాగితం మీద రాసి పెట్టెకు అంటించండి. చీకట్లో లెక్కలు కుదరవు మరి!